గోనెపొగ

లాకౌటు కాగితం గేటుకి అంటించాక
ఎనిమిది నెలలు పెరట్లోకే పోలేదు నేను.
చేసేదేమీ లేక చివరికి ఒక పెట్టె తెచ్చాను.
టేకు కాదు, మామిడి చెక్క.
లోపల ఎనిమిది చట్రాలు, కింద అంగుళం గుమ్మం.
నెల్లిమర్ల వీధిలో చూసినవాళ్ళు చూసి
"శవప్పెట్టి సిన్నదైపోనాది గవరయ్యా" అన్నారట.

మొదటి గుంపు మూడోనాడే లేచిపోయింది.
మునగకొమ్మకి కాసేపు నల్లగా వేలాడి
చంపావతి దాటి ఎటో.
ఎందుకు పోయాయో
పెట్టె కాలు పట్టుకుని వరసగా ఎక్కుతున్న చీమలు చెప్పాయి.

రెండోసారి కురుపాం కొండల నించి తోయక జమ్మయ్య వచ్చాడు.
పాత బడి గోడ కన్నంలో కాపురమున్న పట్టుని
వట్టి చేతుల్తో తీశాడు, అన్నం వడ్డించినంత నెమ్మదిగా.
రాణిని అగ్గిపెట్టెలో పెట్టి నా జేబులో వేశాడు.
"దీన్నొగ్గీకు. మిగిల్నవి అవే వొస్తాయి."
ఇంటిదాకా సైకిలు మీద
జేబులో ఒక రాజ్యం గీరుకుంటూ వచ్చింది.

తూరుపు మొహం. మోకాలెత్తు.
నాలుగు కాళ్ళకీ నాలుగు కొబ్బరిచిప్పల నీళ్ళు.
గుమ్మానికి ఎదురు నిలబడకు, పక్కన నిలబడు.
తలకి సంపెంగనూనె వద్దు.
కుడితే ముల్లు గిల్లకు, గోటితో గీరెయ్.
ఇవన్నీ జమ్మయ్య చెప్పినవి.
చెప్పనిది ఒకటుంది, అది మిల్లు ఇచ్చింది.

పొగడబ్బాలో పిడక వేశాను, ఘాటు.
కొబ్బరిపీచు వేశాను, భగ్గుమంది.
అటక మీద గోనెలు దొరికాయి,
అంచున ఎర్రగీత, మా సీ షిఫ్టు నేత.
ఒకటి చింపి ముట్టిస్తే
బద్ధకంగా, చల్లగా, నీలంగా లేచింది పొగ.
ఈగలు తలలు దించుకుని గదుల్లోకి పోయాయి.
ఇరవైయేడేళ్ళ నేత
ఇన్నాళ్ళకి ఎవరికో నిమ్మళమిచ్చింది.
పక్కనే బకాయిల కాగితాల కట్ట కూడా ఉంది.
అది వెయ్యలేదు. అది మరీ ఘాటు.

ఒక సంగతి చెప్పాలి,
మగ్గాలు నా చెవులు తినేశాయి.
ఝుంకారమంటారే, అది నాకు లేదు.
అందుకని పొద్దున్నే పెట్టె మీద అరచెయ్యి పెడతాను.
సన్నగా, సమంగా వణికితే రాణి ఉన్నట్టు.
తెగి తెగి వస్తే ఏదో లోటు.
నేత హాల్లో నేల మీద పాదం ఆనించి
ఏ మగ్గం చెడిందో చెప్పేవాణ్ణి, అదే విద్య.

మామిడి పూత అయింది, జీడిమామిడి అయింది, వేప వచ్చింది.
ఉగాది వెళ్ళిన పదోనాడు పై అర విప్పాను.
మైనం మూతలు నిండుగా పడ్డ చట్రాలు మూడు.
సగమే పడ్డ నాలుగోది మళ్ళీ లోపల పెట్టేశాను,
తొందరపడ్డవాడి సీసాలో తేనె పులుస్తుంది.
వేడినీళ్ళలో ముంచిన కత్తితో మూతలు కోసి
పెయింటు డ్రమ్ములో నిలబెట్టి
సైకిలు చెయినుతో తిప్పాను.
మొదట చుక్క. తర్వాత దారం.
తర్వాత, నమ్మండి, కండె తెగనంత పొడుగు నూలు.

రెండు సీసాలు, మీద కాసింత.
సూరమ్మ వేలు నాకి మొహం చిట్లించింది.
పెదాలు చదివాను: "ఓలమ్మా, సేదు తగుల్తాందేటి?"
వేపపువ్వు. మన వీధిదే.

ఒక సీసా ఇంటికి. ఒకటి జమ్మయ్యకి.
కాసింత ఎదురింటి పారమ్మకి.
రెండుసార్లు కుట్టించుకుని కూడా
ఒక్క మాట అనలేదంటుంది.
అందో లేదో నా చెవులకేం తెలుసు.

కింది అర ముట్టుకోలేదు, అది వాటి వానాకాలం.
పనిచేసినవాళ్ళకి ముందు మిగల్చాలన్న లెక్క
మిల్లులో ఎవరూ నేర్పలేదు, జమ్మయ్య దగ్గర నేర్చుకున్నాను.

ఆరింటికి సైరను మోగదిప్పుడు.
అయినా లేస్తాను. అరచెయ్యి పెడతాను.
ఇవాళ వణుకు కొంచెం వేరుగా ఉంది.
మూత తియ్యాలా, రేపటిదాకా చూడాలా?

గోనెలు ఇంకా పదకొండున్నాయి.