ఏడు తీసెయ్యాలి

జుజునా గుడ్డ టేపు ఏడు దగ్గర మొదలవుతుంది.
ఒకటి నుంచి ఆరు దాకా, వాటి ముందు సున్నా,
సొలొలాకి పేటలో ఏదో తలుపు మేకుకి చిక్కి
చిరిగిపోయాయట, డెబ్బై నాలుగో ఏట.
కొత్త టేపు కోసం అర్జీ పెట్టింది.
టేపు రాకముందే ఆఫీసు పోయింది,
ఆ ఆఫీసుకి జీతాలిచ్చిన దేశమే పోయింది.
"ఎంత వచ్చినా ఏడు తీసెయ్, బాచానా,"
అంటుంది చిరిగిన కొస నా చేతికిస్తూ.

ఆదివారాలు మా పని ఇది.
ఆవిడది ఎనభై ఒకటో ఏడు, నాది పనిలేని ఏడు.
ఇళ్ళ కొలతల కచేరీ తరఫున
టిబిలిసి గదుల్లోకి తలుపు కొట్టి వెళ్ళేది.
ఎవరి మంచం కింద ఏముందో
చూసేది, చూడనట్టు వెడల్పు రాసుకునేది.
మనుషుల పేర్లు ఇప్పుడు జారిపోతున్నాయి,
ఇంటి నంబర్లు మాత్రం లేదు.
నన్ను ఒక్కోసారి "పధ్నాలుగు బై రెండూ" అని పిలుస్తుంది.
పలుకుతాను.

ఇదిగో, ఈ కార్లు నిలిపే చోట
జర్మన్ రొట్టెలవాడి రెండంతస్తులు.
నడుమ ఒకే కొళాయి, దాని చుట్టూ
ఐదు భాషల్లో తగువు.
గుండ్రటి ఇనుప మెట్లుండేవి.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
ఎవరో రాత్రికి రాత్రి విప్పి తూకానికి అమ్మేశారు.
ఎవరో జుజునాకి తెలుసు, చెప్పదు.
"పాలడబ్బా కొన్నాడులే," అంటుంది.

అదిగో, ఆ గాలిలో,
గాజు హోటలు మూడో అంతస్తు ఎత్తున
ఆర్మేనియన్ పళ్ళ డాక్టరు చెక్క వరండా వేలాడేది.
పన్ను పీకించుకున్నవాళ్ళు
నగిషీ కమ్మీ పట్టుకుని వీధిలోకి ఉమ్మేవాళ్ళు.
ఆ ఇల్లు ఎవరు కట్టించారని అడిగితే
ఆవిడకి తెలియదు.
కమ్మీ ఎత్తు తొంభై రెండు. ఏడు తీసేశాకే.

ఈ వారం బాగుచేసిన ఇంటి ముందు నిలబడ్డాం.
"పాతకి ప్రాణం పోశాం" అని ఇత్తడి పలక.
మీగడ రంగు గోడ, కేకు మీద పూల్లాంటి పూలు,
ఆ ఇంట్లో ఏనాడూ లేని రెండు సింహాలు.
జుజునా సింహాల్ని చూడలేదు.
కిటికీ గట్టు మీద మోచెయ్యి ఆనించి
"టేపు," అంది.

గోడ మందం డెబ్బై ఎనిమిది.
ఏడు పోతే డెబ్బై ఒకటి.
సంచిలోంచి ఊదా సిరా కాగితం తీసింది.
తన రాతే. యాభై మూడు.

మళ్ళీ కొలిచాం.
కాపలావాడు వచ్చి, ఏం పోయిందమ్మా అన్నాడు.
"పోలేదు నాయనా, అదే చూస్తున్నా,"
అని వేళ్ళు మడిచి గోడని తట్టింది
పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టు.

డొల్ల.
ఈ కొత్త ముఖం వెనక, పద్దెనిమిది సెంటీమీటర్ల చీకట్లోనో గచ్చులోనో,
పాత గోడ నిలబడే ఉంది.
పల్చటి చదరపు ఇటుకలు,
ఎడమ కిటికీ పక్కన ఎవరో పిల్ల
మేకుతో గీసుకున్న తన ఎత్తు:
దాన్ని కూడా కొలిచిందట ఆవిడ అప్పట్లో,
కాగితంలో అందుకు గడి లేక రాయలేదు.

బస్సులో కూర్చున్నాక తట్టింది ఆవిడకి:
టేపు చిరిగిన మొదటి నెల
ఏడు తీయడం మరిచిపోయింది.
ఆ నెల కొలిచిన ఇళ్ళన్నీ
రికార్డుల్లో అసలుకంటే ఏడు ఎక్కువ.
కూలినవి సైతం అలాగే, కాస్త పెద్దవిగా.
ఈ ఇల్లు ఆ నెలదేనేమో, తెలియదు.
నేను పెన్సిలు తీశాను, నలభై ఆరుగా దిద్దుదామని.

"అయితే ఇంకొంచెం లోపలికి జరిగి కూర్చుందన్నమాట,"
అంది, టేపుని వేలికి చుట్టుకుంటూ,
ముందు చిరిగిన కొస, తర్వాత మిగతాది.