వాలుగ దవడ

పదకొండో నంబరు గది, శ్రీకాకుళం పెద్దాసుపత్రి.
ఇరవై రెండేళ్ళుగా గులాబిరంగు గళ్ళ కాగితం మీద
జిల్లా గుండెల్ని దింపుతున్నాను.
డాక్టర్ని కాను.
జెల్లు రాసి, తీగలు తగిలించి
"కదలకండమ్మా" అనేదాన్ని, అంతే.

పొందూరు నుంచి వచ్చింది సంతోషి. తొమ్మిదేళ్ళు.
పుట్టుచెవుడు.
పంద్రాగస్టు పరుగుపందెంలో
తాడు ఇంకా రెండడుగులుందనగా పడిపోయింది.
ఎండదెబ్బ అన్నారు. ఫిట్సన్నారు.
ఎజ్జోడు వేపమండ విదిలించి గాలన్నాడు.
"నేచి కూకుని మజ్జిగ తాగీసింది తల్లీ,
మరేటీ నేదు" అంది నాయనమ్మ అప్పలనరసమ్మ.

కాగితం ఆ మాట అనలేదు.
క్యూ దగ్గర బయల్దేరిన గీత
టీ దాటి నేలకి దిగడానికి పది గళ్ళు చాలు.
ఈ పిల్లకి పద్నాలుగు.
పెన్సిలు చెక్కుకుని మళ్ళీ లెక్కపెట్టాను.
పద్నాలుగే.

చిన్న డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది:
కణం గోడలో ఓ తూము.
లోపల కరెంటు మట్టం మారితే
దానంతటది లేచే తలుపు.
గుండె ఒక దెబ్బ కొట్టాక
ఆ తలుపుల్లోంచి పొటాషియం బయటికి నడవాలి,
అప్పుడే కండ సేదదీరి రెండో దెబ్బకి సిద్ధం.
"తోటపల్లిలో షట్టరు మొరాయిస్తే ఏమవుతుంది?
నీళ్ళు దిగవు. దిగకముందే
ఇంకో వరద మీద పడితే..."
పెన్ను అక్కడ ఆగిపోయింది.

సోడియం చిన్నదట. దాన్ని ఆపేసి
పెద్దదైన పొటాషియాన్ని పోనిస్తుందట ఆ తూము.
ఎలాగో నాకు బోధపడలేదు.
అప్పలనరసమ్మకి పడింది.
కొంగుముడి విప్పి అరచేతిలో పెట్టింది
వాలుగ చేప దవడ,
అత్త చేతిలో అరిగి, తన చేతిలో నునుపెక్కింది.
"పత్తి దువ్వడానికమ్మా. నలక సిన్నదే,
అయినా పళ్ళకాడ ఆగిపోద్ది. పోగు ఎల్లిపోద్ది.
ఇనపది తెచ్చి సూసినోళ్ళున్నారు. కుదర్నేదు.
ఈ పళ్ళే ఉండాల."
డాక్టరమ్మ ఆ దవడని దీపం వైపు పట్టి
చాలాసేపు చూసింది.

"మరి చెవో?" అంది తల్లి.
చెవిలో నత్తగుల్లకీ ఇదే తూము.
అక్కడ గుల్లలోకి పొటాషియం నీళ్ళు వదలడం దాని పని.
ఆ తడి అందక
వినే నూగంతా మొదట్లోనే మాడిపోయింది.
తొమ్మిదేళ్ళుగా ఆ చెవి
గుండె సంగతి చెబుతూనే ఉందన్నమాట,
వినపడనిది మాకు.

తల్లీ తండ్రీ మేనత్త మేనమామ బిడ్డలు.
ఇద్దరికీ తీశాను. పదకొండు. పదకొండున్నర.
చెరో మంచి అచ్చుతో నెట్టుకొస్తున్నారు,
చెడ్డవి రెండూ పిల్లకి చేరాయి.
తండ్రి గోడవైపు తిరిగి
క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడ్డాడు.
నేనేమీ అనలేదు. నాదీ మేనరికమే.
మర్నాడు డ్యూటీకి ముందే నా కొడుకుని లాక్కొచ్చి
బల్లమీద పడుకోబెట్టి గళ్ళు లెక్కపెట్టాను.
పది.
ఊపిరొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

రోజూ మాత్ర. మానకూడదు.
పరుగు వద్దు, నాగావళిలో మునకలొద్దు,
ఏ మందు కొన్నా ఈ చీటీ చూపించాలి,
వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే తెల్లారనివ్వద్దు.
తండ్రి తల ఊపుతూనే ఉన్నాడు, ఆపమన్నా ఆగేలా లేడు.
అప్పలనరసమ్మ ఒకటే అడిగింది:
"రాట్నం తిప్పొచ్చా గుంట?"
తిప్పొచ్చు.
"అదైతే మెల్లగానే తిప్పాల. జోరుగా తిప్పితే తెగిపోద్ది."

తీగలు విప్పుతుంటే సంతోషి
కాగితం మీద వేలు పెట్టి గీత వెంట నడిపింది,
ఎక్కి, దిగి, ఎక్కి,
ఆ పొడుగు దిగుడు దగ్గర వేలు నిలిపి
రెండో చేత్తో గబగబా ఏదో అడిగింది.
నాకు ఆ చేతిభాష రాదు.
తల్లి చెప్పింది, నా మొహం చూడకుండా:
"పడిపోయినప్పుడు నానే ముందున్నాను కదా,
అందులో ఉందా అంటంది."

గళ్ళు చూశాను.
ఉందని తలూపాను.