కిలోమీటరు లోపే

కాగితం మీద తొమ్మిది వందల మీటర్లు.
సారు ఫోన్లో కూడా చూపించాడు.
నీలి చుక్క మా ఇల్లంట,
ఎర్ర చుక్క కొత్త బడంట,
మధ్యలో గీత చీర అంచులా తిన్నగా ఉంది.
"కిలోమీటరు లోపేనమ్మా, రూల్సు ప్రకారం దగ్గరే" అన్నాడు.

ఆ గీత కింద కొండ ఉందని నేను చెప్పలేదు.
ఆయన టీ చల్లారిపోతోంది,
నాకు పనికి పొద్దెక్కిపోతోంది.

చిట్టినగర్ కొండ మీద మాది పై నుంచి మూడో వరస.
దిగడానికి రెండొందల పదహారు మెట్లు.
పద్నాలుగు విరిగినవి.
ఒకటి అసలు మెట్టే కాదు,
ఎవరిదో పాత రుబ్బురోలు, బోర్లించారు.
మెట్లు దిగితే సొరంగం,
సొరంగం దాటితే లారీలు, ఇనప సామాను కొట్లు,
ఆ తర్వాతెక్కడో బడి.

పాత బడి మెట్ల కిందే ఉండేది.
నేను పై నుంచి కేకేస్తే
పదమూడో ఎక్కం మధ్యలో తలెత్తేది నా కూతురు.
పిల్లలు తక్కువయ్యారని తాళం వేశారు.
ఇప్పుడా అరుగు మీద కొబ్బరిబోండాలు అమ్ముతున్నారు.

మా అత్త అంటుంది:
"మేం నడవలేదా? చెప్పుల్లేవు, గొడుగుల్లేవు,
వానొస్తే పలకే నెత్తిన.
నడిస్తేనే కాళ్ళకి బుద్ధొస్తుంది."
నిజమే, నడిచింది.
ఆ ఊరి నుంచి అత్తతో పదకొండు మంది ఆడపిల్లలు బయల్దేరారట.
అయిదో తరగతి దాకా ఎంతమంది నడిచారత్తా అంటే
చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళేరుతుంది.
తను మూడులో ఆగింది.

దానయ్య ఆటోకి నెలకి ఎనిమిది వందలు.
"పద్నాలుగు మంది ఉన్నారు, కెజియాని నా పక్కన సగం కూర్చోబెడతా."
సగం కూర్చోడానికి పూర్తి డబ్బులు.

మొన్న అమ్మగారు పెళ్ళికెళ్ళారు, నాకు సెలవు.
కెజియా ముందు, నేను వెనక.
ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్న దారే,
దాని వెనక నడిస్తే ఎవరిదో ఊరులా ఉంది.
మలుపులో మూడు కాళ్ళ కుక్క పేరు తహసీల్దారంట,
ఎప్పుడూ పడుకునే ఉంటుందని.
పంచర్ల కొట్టు జిలానీ అడక్కుండానే సీసా నింపాడు.
కరెంటు స్తంభం మీది నంబరు
జూన్లో దాని నుదుటి దగ్గర,
ఇప్పుడు ముక్కు దగ్గర.

సొరంగంలో తన పేరు తనే అరిచింది.
గోడలు తిరిగి పిలిచాయి.
"నువ్వూ కేకెయ్యమ్మా, నీ పేరు."
సిగ్గేసింది.
ఇంట్లో నేను ఏమేవ్‌ని, కెజియా వాళ్ళమ్మని,
అమ్మగారింట్లో పనిమనిషిని.
"ఎస్తేరూ..." అన్నాను.
సగం లారీ హారను మింగింది.
మిగతా సగం తడి గోడల్లోంచి నా దగ్గరకే వచ్చింది.

బయటికొచ్చాం.
ఎండ, ఇనప తుప్పు వాసన.
కెజియా గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.
"ఇక్కడ పరిగెత్తాలమ్మా."
"ఎందుకే?"
"ఇక్కడ పరిగెత్తాలి."

నలభై అడుగులు పరిగెత్తాక
వెనక్కి తిరిగి చూశాను.
సగం దించిన షట్టరు.
ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ.
కుర్చీలో ఎవరూ లేరు,
ఆ పూట.
"రోజూ ఇంతేనా?"
"సాయంత్రం ఇంకా గట్టిగా."

సారూ,
పిల్లలు అంత దూరం నడవాలా అని మీరు నన్ను అడగలేదు.
అడిగితే నడవనీ అందును,
తహసీల్దారు దాకా, జిలానీ దాకా,
సొరంగంలో నా పేరు దాకా.
అత్త చెప్పే బుద్ధి ఏదైనా ఉంటే
అది అక్కడే కాళ్ళకి అంటుతుంది.
ఆ నలభై అడుగులు మాత్రం
మీ తొమ్మిది వందల్లో ఎక్కడున్నాయో
ఒకసారి వేలు పెట్టి చూపించండి.

ఇప్పుడు నేను రోజూ పనికి అరగంట ఆలస్యం.
జీతంలో ఎంత కోస్తారో ఒకటో తారీకున తెలుస్తుంది.

నిన్న ఆ షట్టరు ముందు మేం నడిచాం.
కుర్చీలో మనిషున్నాడు.
మెల్లగా నడిచాం,
నాకు మోకాలు నొప్పని
కెజియాకి అబద్ధం చెప్పి.