ఎడమచేతి అతుకు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, పాత టైర్ల దుకాణం వెనుక షెడ్డు.
పొద్దున ఏడు కొట్టకముందే రేకు కాలుతది.
ఈడ నేను ఇనుప అంగీ అల్లుతున్న.

నవ్వకుండ్రి.
బాల్కనీ గ్రిల్లులు, ట్యాంకు నిచ్చెనలు
పదేండ్లు చేసిన చెయ్యి ఇది.
ఇప్పుడు తీగెను కడ్డీకి చుట్టి, వరుసగ కోసి,
ఒక్కో ఉంగరం కొసలు సుత్తెతోని సాపుజేసి,
నువ్వుగింజంత బెజ్జం పొడిచి
అండ్ల చీల దించి నొక్కుత.
ఒక ఉంగరంల నాలుగు ఉంగరాలు.
పొద్దుగూకే వరకు మూడు వందలైతే గొప్ప.
ఇరవై మూడు వేలు కావాలె.

మ్యూజియం నుంచి మైథా మేడం
అసలు అంగీ ఎక్స్‌రేలు తెచ్చి బల్ల మీద పరిచింది,
కాలిరిగినోనికి తీసినట్టు.
"ఎవరిదో తెలువదు. ఏ యుద్ధమో తెలువదు."
అంత చదువుకున్న మనిషి
తెలువదు అని నిమ్మళంగ అనుడు నాకు నచ్చింది.
మా ఫోర్‌మన్ నోట ఆ మాట ఎన్నడు వినలే.

లోపల తొడిగే దూది కోటు
సిల్హెట్ మోతాహార్ కుట్టిండు,
బొంతకు వేసినట్టు గీతలు గీతలుగ.
ఇటలీ నుంచొచ్చిన ఆరడుగుల బొమ్మకు తొడిగితే
చంకలల్ల ఇరికింది.
కొలత తప్పినవని ఫోర్‌మన్ నా మీదికి లేచిండు.
మేడం టేపు పట్టి మల్ల లెక్కజూసింది,
నన్ను జూసింది.
"యుద్ధం చేసినోడు నీ అంతనే ఉండె, ఎల్లేశం."

కథలల్ల వీరులంత తాటిచెట్టంత.
వీడేమో కంపెనీ యూనిఫాంల స్మాల్ సైజు!

తొడిగిండ్రు. పదకొండు కిలోలు.
భుజాలు మొత్తుకున్నయి.
నడుముకు పట్టీ బిగించంగనే సగం బరువు కిందికి దిగింది.
ఇది ఏ ఎక్స్‌రేల లేదని మేడం రాసుకున్నది.
ఆగస్టు ఎండల నాలుగడుగులు నడిస్తె
గలగల కాదు,
ఎండిన కందికాయల చప్పుడు.

వజీరాబాద్ షౌకత్ ఉస్తాద్ కత్తులు చేస్తడు.
పాత కత్తి మీద నీటి అలల మెరుపు చూపిస్తుంటె
మేడం అన్నది:
ఇసొంటి ఉక్కు గడ్డలు మీ కోనసముందర్‌ల కరగబోస్తె
పారసీకులొచ్చి కొనుక్కపోయేటోల్లట, ఎరుకేనా?
ఎరుకే. బస్సు ఆగుతది ఆడ.
చేన్లల్ల నల్ల చిట్టెం రాళ్లు తగిలి
నాగలి కర్రు వంగుతది.
ఉస్తాద్ పగలబడి నవ్విండు:
"మీ ఇనుము ఎన్నడో వచ్చింది బిడ్డా,
నువ్వు గిప్పుడా వచ్చేది?"

ఎడమ చంక కింద అరచెయ్యంత జాగ.
ఆడ తీగె వేరు, ఉంగరాలు పెద్దయి.
రెండిటికి చీలలే లేవు, ఉత్తగ వంచి ఇడిసిపెట్టిండు.
ఎవడో ఎన్నడో తొందరల వేసిన అతుకు.
"దీన్ని గూడ అట్లనే చెయ్యాలె, తప్పు తప్పుగనే."

ఐదు రోజులు చేసిన.
చేసినప్పుడల్ల నీటుగ వస్తది.
చెయ్యికి వచ్చిన పనిని రాకుండ చేసుడు
ఎంత కష్టమో ఎవ్వలకు చెప్పుకోను?
ఆరోనాడు భూతద్దం పెట్టి చూస్తె
చీలల తలకాయలు అవతలి దిక్కున్నయి.
పటకారు ఎడమచేతికి మార్చిన.
వణికింది. చీల జారింది.
తీగె కొస కుడి బొటనవేలు చీరింది.
రాత్రయ్యే వరకు అతుకు పడ్డది,
అచ్చం వాని లెక్కనే, అడ్డదిడ్డం.

"ఎడమచేతి వాటమోడు" అని రాసుకొని
మేడం సంబురపడ్డది.

రూంల కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని
ఎడమచేత్తోని అన్నం కలుపబోయి ఆగిన.
మోతాహార్ చెంచా నా దిక్కు జరిపిండు,
ఏమనలేదు.
చెంచా లేపంగనే మతికొచ్చింది:
వాని కుడిచెయ్యికి ఏమైందో ఆనాడు.

తెల్లారి ఈ మాట చెప్తే
మేడం నా కట్టు దిక్కు చాలాసేపు చూసింది.
రాసినదాన్ని కొట్టేసి
దాని కింద, నిమ్మళంగ,
తెలువదు అని రాసింది.