కాకిబంగారం

మొదటి రోజు అందర్నీ అడుగుతాను
ఎందుకు చేరారని.
ఇరవై రెండేళ్లుగా అదే ప్రశ్న,
రిజిస్టర్లో టిక్కులు పెట్టుకుంటూ.

గ్రూప్స్‌కి ఇంకా వయసుందని ఒకడు.
పెళ్లి రెండేళ్లు ఆగుతుందని ఒకమ్మాయి, నవ్వకుండా.
హాస్టల్లో రెండు పూటలా అన్నం పెడతారని
వెనక బెంచీ నుంచి ఎవరో.
అందరూ నవ్వారు, నేనూ.
తర్వాత చూస్తే అందులో నవ్వేందుకేమీ లేదు.

సైదాపురం నుంచి వచ్చిన పెంచలరత్నం మాత్రం
లేచి జేబు తడుముకున్నాడు.
బస్సు టికెట్టు, రెండ్రూపాయల బిళ్ల,
వాటడుగున, చెమటకు తడిసి
కాకిబంగారం ముక్క.

వాళ్లవ్వ, మూతబడిన గని దిబ్బల మీద
ఎవరికీ పట్టని ముక్కలేరి
కత్తి మొనతో పొరలు చీల్చేదట.
"ఇంకా చీలద్దా అవ్వా?" అంటే
"చీలద్ది నాయనా, నా కళ్లే చాలవు" అనేదట.

బోర్డు మీద గీశాను:
సిలికా పలకలు, నడుమ పొటాషియం,
పట్టు వదులైన చోట చీలిక.
పరీక్షలో ఎనిమిది మార్కులు.
బుద్ధిగా రాసుకున్నాడు.
రాసుకుని, కూర్చోకుండా,
"చివరికి ఒక్కటే మిగిలితే సార్,
పైనా కిందా ఇంకోటి లేనప్పుడు
దాన్ని పొర అనొచ్చా?"

ఫ్యాను తిరుగుతోంది.
మినీబైపాసు మీద ఎవరిదో ఆగని హారన్.
సిలబస్‌లో లేదు అనే మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
ఆ మాటతో ఎన్ని నోళ్లు మూశానో
ఏ రిజిస్టర్లోనూ లేదు.
"తెలీదబ్బయా" అన్నాను.

అన్నం కోసం వచ్చినవాడు తల తిప్పి చూశాడు.
పెళ్లి తప్పించుకున్న పిల్ల పెన్ను మూత పెట్టింది.
వాళ్ల ముఖాల్లో
జవాబు కోసం ఎదురుచూపు కాదది,
ఆ ప్రశ్న తమకు తట్టలేదన్న అసూయ.

తెలుసుకోవాలన్న కోరిక
ఇంటి దగ్గరే పుట్టి, సంచి సర్దుకుని
కాలేజీకొస్తుందనుకునేవాణ్ణి.
కాదేమో.
వేరే ఏ పని మీదో వచ్చి కూర్చున్నవాడికి
పక్కవాడి నుంచి తామరలా అంటుకుంటుందేమో,
గోకేకొద్దీ తీపిగా.
నాకూ ఒకప్పుడుండేది.
ఉద్యోగం రాగానే మానిపోయింది.

సాయంత్రం ముక్కను బల్ల మీదే వదిలేసి పోయాడు.
మరిచాడో, ఇచ్చాడో.
గోటితో ఒక పొర లేపాను.
వెలుగుకి పట్టి చూస్తే
అవతల, కాస్త పసుప్పచ్చగా, నా వేలే.

తాళాల గుత్తితో మస్తానయ్య గుమ్మంలో నిలబడి
"గేటేసేదా సార్?"
ఉండు మస్తానయ్యా,
ఇంకొక్కటి.