రెండో తువ్వాల

మిర్యాలగూడ బైపాసు మీది మిల్లు.
రెండు గేట్లు, రెండు కాంటాలు,
రెండు కంప్యూటర్లకు ఒకటే డిస్కు.
ప్రోగ్రాం రాసింది నేను.

వానాకాలం వడ్లు దిగుతున్న పన్నెండో రోజు
సైదమ్మ లెక్క కనబడలే.
నాలుగు వేల నూట ఇరవై ఏడు తెరిస్తే
ఎల్లమంద పేరు, ఎల్లమంద తూకం,
ఎల్లమంద ట్రాక్టరు నంబరు.
గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"ఇంకో మిల్లుల పోసి మరిచినట్టున్నది" అన్నడు.
ఆమె వాదించలే. కొంగు ముడి విప్పి
చెమటకు మెత్తబడ్డ చీటీ బల్ల మీద పరిచింది.
అదే నంబరు. పదకొండు గంటల ఆరు నిమిషాల
నలభై సెకన్లు.
ఎల్లమంద చీటీ మీదా అదే సెకను.

ఆ రాత్రి మిల్లులనే కూసున్న,
కీబోర్డు మీటల సందుల్ల ఊకదుమ్ము.
నేను రాసింది నేనే చదువుకున్న:
ముందు అడుగు, ఈ నంబరు మీద ఫైలున్నదా?
లేదంటే తెరువు. రాయి.
ఎంత మర్యాద!
తలుపు తట్టి లోపలికి పోయినట్టు.

ఒకటో గేటు అడిగింది. లేదు.
రెండో గేటు అడిగింది. లేదు.
రెండు జవాబులూ నిజమే.
నిజం వినడానికీ, దాన్ని నమ్మి అడుగెయ్యడానికీ నడుమ
వడ్లగింజ దూరేంత సందు.
అందులోంచి ఒక ట్రాక్టరు వడ్లు
చప్పుడు లేకుండ జారిపోయినయి.
కొత్తగ తెరవడమంటే పాతది తుడిచెయ్యడమని
ఒక్క అక్షరంతోని చెప్పింది కూడా నేనే.

దేవరకొండ బస్టాండుల మా చిన్నమ్మ
సీటున్నదా అని ఎన్నడూ ఎవర్నీ అడగలే.
బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాల.
చూసుడు, పట్టుడు వేరు వేరు కాదు,
ఒకటే చెయ్యి, ఒకటే విసురు.
అప్పటికే ఇంకొకరి తువ్వాల ఉంటే
తనది గుంజుకొని, తిట్టుకుంట
పక్క కిటికీకి ఉరికేది.
నేను చదువుకున్నదాన్ని గదా,
"ఎవరన్న ఉన్నరా?" అనుకుంట ఎక్కి
హైదరాబాదు దాకా నిలబడ్డదాన్ని.

మూడింటికి రెండు లైన్లు కొట్టేసి ఒకటి రాసిన:
లేకుంటేనే పుట్టించి నాకియ్యి, ఉంటే కాదను.
ఆ ఒక్క మాట తెగేదాకా
గొళ్లెం కెర్నల్ చేతుల ఉంటది,
రెండోవాడు ఎంత ఆగమైనా గడప బయటనే.
పాత సర్వరు ఈ మాట వింటదో లేదోనని
రెండు గేట్ల నుంచీ వెయ్యిసార్లు కొట్టించి చూసిన.
రాస్తుండంగ కరెంటు పోతే
సగం చీటీ సంగతేందో, అది ఇంకో రాత్రికి.

పొద్దున కాంటా పిల్లగాడు ఫోను చేసిండు,
"అక్కా, రెండో గేటుల ఎర్రరొస్తున్నది.
'ఉన్నది' అని చూపెట్టి
నంబరు దానంతటదే ముందుకు జరిగింది."
జరగనియ్యి, అన్న.
ఆడ ముందే ఒక మనిషున్నదని చెప్తున్నది.

సైదమ్మ పైసలకు ఇంకో పదహారు రోజులు పట్టింది.
ఐదు సంతకాలు, ఒక్కొక్క బల్ల కాడ
సారున్నడా అని అడుగుడు, లేడనుడు.
జిరాక్సు అడిగితే ఇచ్చింది.
అసలు చీటీ ఎవ్వరి చేతికీ ఇయ్యలే,
మల్ల కొంగుల ముడేసుకున్నది.