తరుగు

ఆదోని మార్కెట్ యార్డు, రెండో నంబరు కిటికీ.
పత్తి సీజను. మానిటర్ మీద కూడా నూగు.
చీటీ తిరగేసి పట్టుకుని వచ్చినాడు ముసలాయన.
మనవరాలు చదివి చెప్పిందంట,
బోయ ఉరుకుంద అని ఉందని, ఆ పక్కన
నల్ల బిళ్ళలో ఒక ప్రశ్న గుర్తు ఉందని.
"మా అప్ప యాడికి పాయె పాపా?" అన్నాడు.

ఎట్ల చెప్పాల ఆయనకు.
పేరుకు ఈ పెట్టెలో ముప్పై రెండు గింజల చోటు, అంతే.
ఎప్పుడో, ఏ ఊర్లోనో, ఎవరో ఒకాయన
ఇంగ్లీషు పేర్లు మనసులో పెట్టుకొని కట్టిన గాదె.
ఇంగ్లీషు అక్షరానికి ఒక గింజ.
మన అక్షరానికి మూడు.
అదీ మనం చూసే అక్షరం కాదు,
లోపల అన్నీ ఏకి పెడుతుంది మిషను,
మా తాత వింటితో దూదిని ఏకినట్టు.
ప్ప అంటే మనకు ఒకటి.
దానికి ఒక ప, ఒక పొల్లు, ఇంకో ప.
తొమ్మిది గింజలు.

వేళ్ళు మడిచి చూపించినా.
బోయకు తొమ్మిది. మధ్యలో ఖాళీకి ఒకటి
(ఖాళీ ఒక్కటే చవక, అది ఇంగ్లీషోళ్ళది).
ఉ, ర, కొమ్ము, క, కొమ్ము, సున్న, ద.
ముప్పై ఒకటి.
మిగిలిన ఒక్క గింజ చోటులో
ప తల దూర్చింది. ఒళ్ళంతా బయటే.
ఆ ముక్కను చూసి చెప్పలేం అది ప అని.
తెలుగు అని కూడా చెప్పలేం.
మొదటి ముక్క మనకూ కన్నడానికీ ఒకటే,
తేడా రెండో ముక్కలో మొదలవుతుంది.
సిరుగుప్ప బస్సులో మాట మారినట్టే,
ఏ స్టాపులో మారిందో ఎవరూ చూడరు.

ఆయన విన్నాడు. నా మాటలు కాదు, నా వేళ్ళు.
"క్వింటానికి తీస్తిరి తరుగు.
తేమ అంటిరి, గోతం బరువు అంటిరి.
పేరుకు గూడా తీస్తారా?"

నవ్వొచ్చింది, ఆపుకున్నా.
మెడలో నా కార్డు తిప్పి చూపించినా.
నాగూర్ స్వామి మొక్కుకు పుట్టినానని
మా జేజి పెట్టిన పేరు నాగూర్‌బీ.
దూదేకులకే ఇరవై ఒకటి పాయె.
కార్డులో నేను దూదేకుల నాగ, ఒక నల్ల బిళ్ళ.
నాగులచవితి రోజు కాంటా మాదన్న
ఎగతాళికి పాలు తెచ్చి బల్ల మీద పెడతాడు.

ఇంకో సంగతి ఆయనకు చెప్పలేదు.
నా పేరు మొత్తం కొడితే
ర్ కూ బీ కీ నడుమ ఒక అక్షరం నిలబడుతుంది,
రెండూ అతుక్కోకుండా. కంటికి కనపడదు.
అచ్చులో రాదు. తూకంలో మాత్రం దానికీ మూడు.
మా ఇంట్లో మా చిన్నత్త అట్లాంటిది.

గాదె వెడల్పు చేసే అధికారం నాకు లేదు.
కర్నూలుకు రెండు మెయిళ్ళు పెట్టినా.
వచ్చిన జవాబులో నా పేరే తెగి ఉంది.

చీటీ తీసుకొని, నల్ల బిళ్ళ మీద
జెల్ పెన్నుతో దిద్ది ప్ప రాసినా.
చదువు రాని వేలితో తడిమినాడు.
సిరా ఆరలేదు, బొటనవేలికి అంటింది
కొంచెం అప్ప.
"దీనికెంత తూకం?" అన్నాడు.

వెనక కురువ హనుమక్క నిలబడి ఉంది.
ఆమెకు అక్క నడిమికి తెగుతుంది,
లెక్క ముందే చేసుకున్నా.
పెన్నుకు మూత పెట్టలేదు.